ఆపరేషన్ కాన్పు తర్వాత నెత్తురు గడ్డల సంగతి

చెల్లె,

బిడ్డకు ఆపరేషన్ కాన్పేనని డాక్టరమ్మ చెప్పిందన్నవు. పక్కన ఉండేది నువ్వే కాబట్టి ఈ సంగతులు మనసుల పెట్టుకో.

మాయ ఊడిన చోట, కోత పెట్టిన చోట నెత్తురు గడ్డకట్టి ధార ఆగుతది. ఆ గడ్డను మెల్లగ కరిగించే ప్లాస్మిన్ కూడా మన నెత్తురులనే తయారైతది. కాన్పయిన తొలి గంటల్ల ఈ కరిగే పని ఎక్కువైతే కట్టిన గడ్డ నిలువదు. అందుకే నెత్తురు ఆగకుంటే గడ్డ కరగకుండ ఆపే ట్రనెక్జామిక్ యాసిడ్ అనే మందును 1 గ్రాము 10 నిమిషాలల్ల నరానికి ఇస్తరు. కాన్పయిన 3 గంటల లోపే దాని బలం. గంటల ఒక ప్యాడ్ నిండ తడిసినా, నిమ్మకాయంత గడ్డ పడినా వెంటనే నర్సును పిలువు. చెడు నెత్తురు పోతే మంచిదేనని ఎవరన్నా అంటే వినకు.

మరునాటికి కథ తిరగబడుతది. కరిగే పనిని ఆపే పీఏఐ-1 అనే పదార్థం ఆపరేషన్ దెబ్బకు పెరుగుతది. కడుపుతోని ఉన్నప్పుడు పెరిగిన గడ్డకట్టే గుణం తగ్గడానికి సుమారు 6 వారాలు పడుతది. ఈ రెండూ కలిసిన రోజులల్ల మంచం దిగకుంటే, నీళ్లు తక్కువైతే కాళ్ల నరాలల్ల గడ్డ కడుతది. చెవులల్ల దూది పెడితే పెట్టుకోనియ్యి, నష్టం లేదు. నీళ్లు మాత్రం ఆపకు, నల్లగొండ ఎండలల్ల అసలే వద్దు.

డాక్టరమ్మ సరే అనంగనే లేపు. పక్కకు తిప్పి, కాళ్లు కిందికి వేలాడదీసి కొంచెంసేపు కూర్చోబెట్టు. కుట్ల మీద మెత్త అదిమి పట్టుకొని నిలబడమను. పడుకున్నప్పుడు గంటకొకసారి పాదాలు పైకీ కిందికీ ఆడించాలె. గడ్డకట్టకుండ సూది రాస్తే ఒక్కరోజు కూడ తప్పనియ్యకు. ఆ సూది పడుతున్నా పసిబిడ్డకు పాలు ఇయ్యొచ్చు.

రోజూ రెండు పిక్కలను దర్జీ టేపుతోని కొలువు, మోకాలి కింద 10 సెంటీమీటర్ల దగ్గర. రెండింటికీ 2 సెంటీమీటర్ల తేడా వచ్చినా, ఒక్క కాలే వాచి నొప్పి, వేడి ఉన్నా అదే రోజు డాప్లర్ స్కాన్ (నరాలల్ల నెత్తురు పారేది చూసే స్కాన్) చేయించాలె. ఎడమ కాలుకే ఎక్కువ వస్తది, ఆ వైపు నరం మీద కుడి ధమని ఒత్తుతది కాబట్టి. గడ్డ ఆనవాలు చూసే డీ-డైమర్ అనే నెత్తురు పరీక్ష కాన్పు తర్వాత ఎట్లాగూ ఎక్కువే చూపిస్తది, దాన్ని నమ్ముకోవద్దు.

వాచిన కాలుకు నూనె మర్దన ఎట్టి పరిస్థితుల్లనూ చెయ్యనియ్యకు. గడ్డ కదిలి ఊపిరితిత్తులకు పోతది. ఆయాసం, ఛాతీల పోటు, దగ్గుల నెత్తురు వస్తే బండి కోసం వెతకకు, 108కి ఫోన్ చెయ్యి. కాన్పయి ఎన్ని రోజులైందో, ఏ సూదులు పడ్డయో ఒక కాగితం మీద రాసి చేతుల పెట్టుకో.

నీ అక్క