పాఠకుల ప్రశ్నలు – జవాబులు: రగ్బీలో ఎదుగుతున్న దేశాలకు దారి ఎక్కడుంది?

ప్రశ్న: 2027లో ఆస్ట్రేలియాలో జరిగే పురుషుల రగ్బీ ప్రపంచ కప్‌లో జట్ల సంఖ్యను 20 నుంచి 24కు పెంచారు. దీనివల్ల చిన్న దేశాలకు మేలు జరుగుతుందా, లేక ఏకపక్షంగా ముగిసే మ్యాచ్‌లే పెరుగుతాయా?

జవాబు: మీ సందేహం నిరాధారమైనది కాదు. 2003లో నమీబియాపై ఆస్ట్రేలియా 142–0 తేడాతో గెలిచింది. ఇరవై ఏళ్ల తర్వాత, 2023లో కూడా నమీబియా ఫ్రాన్స్ చేతిలో 96–0తోనూ, రొమేనియా స్కాట్లాండ్ చేతిలో 84–0తోనూ ఓడిపోయాయి. అయితే అదే 2023లో న్యూజిలాండ్ చేతిలో 96–17తో చిత్తయిన ఇటలీ ఏటా యూరప్‌లోని ఆరు అగ్ర జట్ల మధ్య జరిగే సిక్స్ నేషన్స్ టోర్నీలో ఆడే జట్టు. కాబట్టి ఒక భారీ ఓటమిని చూపించి ఫలానా దేశానికి ప్రపంచ కప్ ఆడే అర్హత లేదని తేల్చేయడం న్యాయం కాదు. 1995లో న్యూజిలాండ్‌కు 145 పాయింట్లు సమర్పించుకున్న జపానే 2015లో బ్రైటన్‌లో దక్షిణాఫ్రికాను 34–32తో ఓడించింది, 2019లో సొంత గడ్డపై ఐర్లాండ్‌నూ స్కాట్లాండ్‌నూ ఓడించి క్వార్టర్ ఫైనల్ చేరింది.

కొత్త విధానంలో నాకు అన్నిటికంటే నచ్చిన అంశం పూల్‌ల (తొలి దశలో జట్లను విడగొట్టే గ్రూపుల) అమరిక. 2003 నుంచి 2023 వరకు ఒక్కో పూల్‌లో ఐదు జట్లు ఉండేవి. ఐదు బేసి సంఖ్య కావడంతో మ్యాచ్‌ల మధ్య విశ్రాంతి రోజులు అందరికీ సమానంగా దక్కేవి కావు, ఆ భారం తరచుగా చిన్న జట్లపైనే పడేది. 2015లో దక్షిణాఫ్రికాను ఓడించిన నాలుగు రోజులకే జపాన్ మళ్లీ మైదానంలోకి దిగి స్కాట్లాండ్ చేతిలో 45–10తో ఓడిపోయింది. పూల్‌లో మూడు మ్యాచ్‌లు గెలిచి కూడా తర్వాతి దశకు చేరలేకపోయింది. 2027లో నాలుగేసి జట్లతో ఆరు పూల్‌లు ఉంటాయి. ఒక్కో పూల్ నుంచి మొదటి రెండు జట్లతో పాటు, మూడో స్థానంలో నిలిచిన వాటిలో మెరుగైన నాలుగు జట్లు కూడా ప్రీక్వార్టర్ ఫైనల్‌కు వెళ్తాయి. అంటే ఒక్క విజయం సాధించిన జట్టుకు కూడా ముందుకు సాగే ఆశ ఉంటుంది. 2027లో హాంకాంగ్ చైనా తొలిసారి, జింబాబ్వే 1991 తర్వాత మొదటిసారి, స్పెయిన్ 1999 తర్వాత మొదటిసారి ప్రపంచ కప్‌కు వస్తున్నాయి.

అయినా అసలు కొరత రెండు ప్రపంచ కప్‌ల నడుమ సాగే కాలంలో ఉందని నేను బలంగా నమ్ముతున్నాను. 2023 అక్టోబరులో టూలూజ్‌లో పోర్చుగల్ 24–23తో ఫిజీని ఓడించి ప్రపంచ కప్‌లో తన తొలి విజయం నమోదు చేసింది. ఆ ఆట చూసినవారెవరూ దాన్ని మరచిపోలేరు. కానీ నాలుగు నెలలు తిరగకముందే, 2024 ఫిబ్రవరిలో, అదే దేశం యూరప్ రెండో శ్రేణి పోటీలో బెల్జియం చేతిలో 10–6తో ఓడిపోయింది. కీలక ఆటగాళ్లు జట్టుకు దూరమై, పెద్ద జట్లతో క్రమం తప్పకుండా ఆడే అవకాశమూ లేకపోతే, ఒక్క టోర్నీలో సంపాదించుకున్న స్థాయిని నిలబెట్టుకోవడం ఎంత కష్టమో ఈ ఫలితం చెబుతుంది.

ప్రశ్న: జార్జియా ఎన్నో ఏళ్లుగా బాగా ఆడుతోంది కదా, దానికి సిక్స్ నేషన్స్‌లో చోటు ఎందుకు ఇవ్వరు?

జవాబు: ఆ టోర్నీ అంతర్జాతీయ సంస్థ అయిన వరల్డ్ రగ్బీ చేతిలో లేదు. ఇంగ్లండ్, ఫ్రాన్స్, ఐర్లాండ్, ఇటలీ, స్కాట్లాండ్, వేల్స్ రగ్బీ సంఘాలే (యూనియన్లే) దానికి యజమానులు; 2021లో సీవీసీ అనే పెట్టుబడి సంస్థ ఏడో వంతు వాటా కొనుక్కుంది. చివరి స్థానంలో నిలిచిన జట్టు కిందికి దిగాలన్న నియమం అక్కడ లేదు. ఆరు యూనియన్లలో ఏ ఒక్కటీ తన ఏడాది ఆదాయాన్ని ఒక మ్యాచ్ ఫలితం మీద పెట్టడానికి సిద్ధపడదు. స్టేడియం టికెట్లు, ప్రసార హక్కులు ఆ యూనియన్లకు ప్రాణాధారం కనుక వారి భయం అర్థం చేసుకోదగినదే. కానీ ఆ భయానికి మూల్యం చెల్లిస్తున్నది మాత్రం జార్జియా.

జార్జియా 2022 జూలైలో బటూమీలో ఇటలీని 28–19తో, అదే ఏడాది నవంబరులో కార్డిఫ్‌లో వేల్స్‌ను 13–12తో ఓడించింది. 2024లో జపాన్‌ను వారి గడ్డపైనే ఓడించింది. మరోవైపు ఇటలీ 2015 నుంచి 2022 వరకు సిక్స్ నేషన్స్‌లో వరుసగా 36 మ్యాచ్‌లు ఓడిపోయింది. అన్ని ఓటములు ఎదురైనా ఇటలీని బయటకు పంపలేదు, ఏటా అయిదు గట్టి మ్యాచ్‌లు ఆడనిచ్చారు, అందువల్లనే ఆ జట్టు ఈనాటి స్థాయికి చేరింది. జార్జియాను తీసుకోకూడదనడానికి కొందరు ఇటలీ ఓటములనే ఉదాహరణగా చూపుతారు; నాకు మాత్రం ఇటలీ కథ జార్జియా పక్షాన సాక్ష్యం చెబుతున్నట్టే కనిపిస్తుంది. ఏడో జట్టుగా చేర్చుకోవడం సాధ్యం కాకపోతే, చివరి జట్టుకూ యూరప్ రెండో శ్రేణి విజేతకూ మధ్య ఒక మ్యాచ్ పెట్టడమైనా కనీస న్యాయం.

ప్రశ్న: 2026లో మొదలయ్యే నేషన్స్ ఛాంపియన్‌షిప్ ఈ పరిస్థితిని మారుస్తుందా? పెద్ద జట్లతో ఆడే అవకాశం లేకుండా ఇంతవరకు ఏ దేశమైనా ఎదిగిందా?

జవాబు: మొదటి ప్రశ్నకు నా జవాబు: వెంటనే మార్చదు. సిక్స్ నేషన్స్ జట్లు ఆరు, దక్షిణార్ధగోళపు నాలుగు పెద్ద జట్లు (న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియా, అర్జెంటీనా), వాటితో పాటు ఫిజీ, జపాన్ కలిసి మొత్తం 12 జట్లు జూలై, నవంబరు నెలల్లో తలపడతాయి. మిగిలిన వాటికి నేషన్స్ కప్ అనే రెండో శ్రేణి ఉంటుంది. ఈ రెండు శ్రేణుల మధ్య జట్లు పైకీ కిందికీ మారే ఏర్పాటు 2030 నుంచి ఉంటుందని 2023లో నిర్ణయించారు. ఫిజీ, జపాన్‌లకు ఇది గొప్ప వరమే. రెండో శ్రేణి దేశాలకు కూడా నిలకడైన మ్యాచ్‌ల పట్టిక దొరకడం చిన్న విషయం కాదు. అయితే జూలై, నవంబరు నెలల్లో పెద్ద జట్లు తమలో తామే ఆడుకుంటే, అప్పుడప్పుడు ఉరుగ్వేకో సమోవాకో దొరికే ఒకటి రెండు మ్యాచ్‌లు కూడా కరువవుతాయన్న ఆందోళన ఉంది. సమోవాలోని ఆపియాలో న్యూజిలాండ్ తొలి టెస్టు ఆడింది 2015లో అని గుర్తు చేసుకుంటే ఈ ఆందోళన ఎంత పాతదో తెలుస్తుంది.

ఇక రెండో ప్రశ్న. ఎదిగిన ప్రతి దేశం వెనుకా క్రమమైన పోటీ, సొంత గడ్డపై జీతం తీసుకుని ఆడే జట్టు, ఈ రెంటిలో కనీసం ఒకటి ఉంది. అర్జెంటీనా 2007 ప్రపంచ కప్‌లో మూడో స్థానం సాధించినప్పటికీ దానికి ఏటా ఆడే టోర్నీ లేదు. 2012లో న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియాలతో ఏటా ఆడే రగ్బీ ఛాంపియన్‌షిప్‌లో చోటు దొరికాక, 2015లో మళ్లీ సెమీఫైనల్ చేరి, 2020లో తొలిసారి న్యూజిలాండ్‌ను ఓడించింది. ఫిజీయన్ డ్రువా అనే ఫిజీ వృత్తిపరమైన జట్టు 2022లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ జట్లు ఆడే సూపర్ రగ్బీ లీగ్‌లో అడుగుపెట్టింది. మరుసటి ఏడాదే ఫిజీ ట్వికెన్‌హామ్‌లో ఇంగ్లండ్‌ను, ప్రపంచ కప్‌లో ఆస్ట్రేలియాను ఓడించింది. చిలీ ఉదాహరణ నాకు మరీ ఇష్టం. సెల్క్‌నామ్ అనే వృత్తిపరమైన జట్టులో కలిసి ఆడిన ఆటగాళ్లతో ఆ దేశం 2022లో అమెరికాపై రెండు మ్యాచ్‌ల మొత్తంలో 52–51తో, అంటే ఒకే ఒక్క పాయింటు తేడాతో, తొలిసారి ప్రపంచ కప్‌కు అర్హత సాధించింది.

ప్రశ్న: ఒక దేశానికి ఆడిన ఆటగాడు మరో దేశానికి ఆడవచ్చా?

జవాబు: 2022 జనవరి నుంచి ఆడవచ్చు, కానీ నిబంధనలున్నాయి. ఆటగాడు మూడేళ్ల పాటు అంతర్జాతీయ మ్యాచ్‌లకు దూరంగా ఉండాలి; కొత్త దేశంలో తాను గానీ, తల్లిదండ్రుల్లో లేదా తాత, అమ్మమ్మ, నానమ్మల్లో ఒకరు గానీ పుట్టి ఉండాలి; ఇలా మారే అవకాశం ఒక్కసారే. న్యూజిలాండ్‌కు ఆడిన చార్లెస్ పియుటౌ, మలకై ఫెకిటోవా 2023 ప్రపంచ కప్‌లో టోంగాకు, లిమా సొపోఆగా సమోవాకు ఆడారు. పసిఫిక్ దీవుల బిడ్డలను పెద్ద దేశాలు కొద్ది మ్యాచ్‌లకు వాడుకుని వదిలేసే పరిస్థితికి ఇది కొంతైనా పరిహారం. నియమాలు పాటించడంలో మాత్రం చిన్న యూనియన్లు చాలా జాగ్రత్తగా ఉండాలి. అర్హత లేని ఆటగాడిని ఆడించినందుకు 2023 ప్రపంచ కప్‌లో మైదానంలో గెలుచుకున్న చోటును స్పెయిన్ కోల్పోయింది. ఆ చోటు రొమేనియాకు వెళ్లింది.

ప్రశ్న: చిన్న దేశాలు సెవెన్స్‌పైనే దృష్టి పెడితే మంచిది కాదా?

జవాబు: ఏడుగురితో, ఏడేసి నిమిషాల రెండు సగాలుగా సాగే ఆట కావడంతో ఖర్చు తక్కువ, ఆటగాళ్లను సమకూర్చుకోవడం తేలిక. 2016 రియోలో సెవెన్స్ ఒలింపిక్స్‌లో ప్రవేశించినప్పుడు ఫిజీ స్వర్ణం గెలిచింది. ఆ దేశ చరిత్రలో అదే తొలి ఒలింపిక్ పతకం. ఒలింపిక్ క్రీడ కావడంతో అనేక దేశాల్లో ప్రభుత్వ నిధులకు కూడా దారి ఏర్పడింది. కానీ స్క్రమ్‌లో, అంటే బంతి కోసం రెండు జట్ల ఆటగాళ్లు ఒకరినొకరు పట్టుకుని ఎదురెదురుగా తోసుకునే ఘట్టంలో, ముందు వరుసన నిలబడి తోసే బలమైన ఆటగాళ్లను సెవెన్స్ తయారు చేయలేదు. పదిహేనుగురి ఆటలో చిన్న జట్లు ఎక్కువగా దెబ్బతినేది అక్కడే. అందువల్ల సెవెన్స్‌తో మొదలుపెట్టినా, పదిహేనుగురి ఆటకు కావలసిన ఫార్వర్డ్‌లను (స్క్రమ్‌లో తోసే ఆటగాళ్లను) పాఠశాల వయసు నుంచే విడిగా తీర్చిదిద్దుకోవలసి ఉంటుంది.