ఏటి ఒడ్డున ఇల్లు కొనబోతున్న మేనల్లుడికి

చిన్నా,

నువ్వు పంపిన ఫొటోలన్నీ చూశాను, ప్లాన్ కూడా పెద్దది చేసుకుని మరీ చూశాను. బావుంది. బాల్కనీలోంచి నది కనిపించే ఇల్లంటే ఎవరికి చేదు? వద్దని చెప్పడానికి ఈ ఉత్తరం రాయట్లేదు, ఆ మాట ముందే చెప్పేస్తున్నా. ఒకప్పుడు గోదాములూ ఫ్యాక్టరీలూ ఉండి, మూతపడి, మళ్ళీ కొత్తగా కట్టుకొస్తున్న నది ఒడ్డు పేటలోనే మీ మావయ్యా నేనూ ఇన్నేళ్ళూ కాపురం చేశాం, పిల్లల్ని పెంచాం, మొదటి క్రేన్ లేచిన దగ్గర్నుంచీ ఆ పేట మారడం కళ్ళారా చూశాం. ఇలాంటి చోట గదుల కొలతలు, టైల్సు, గాలీ వెలుతురూ చూసుకుంటే సరిపోదు, వేరే చూడాల్సినవి చాలా ఉన్నాయి. అవి నీకు ఎవరూ చెప్పరు, ఎందుకంటే నీతో మాట్లాడేవాళ్ళందరూ నీకు అమ్మాలనుకునేవాళ్ళే.

ముందు ధర సంగతి. బ్రోచర్‌లో గీసిన రైల్వే స్టేషన్, బడి, నడక వంతెన, చెట్ల మధ్య దారి, వీటన్నిటి విలువా కలిపే నీకు ఈరోజు రేటు చెబుతున్నారు. అవి వచ్చేది మాత్రం ఎప్పుడో. లండన్‌లో థేమ్స్ పక్కన పాత పవర్ స్టేషన్ స్థలంలో బార్కింగ్ రివర్‌సైడ్ అని 10,000 పైచిలుకు ఇళ్ళతో పెద్ద పేట కడుతున్నారు. అక్కడికి మొదట ఒక లైట్ రైలు లైను పొడిగిస్తామన్నారు, 2008లో అది రద్దయింది, చివరికి వేరే రైలు లైను మీద స్టేషన్ తెరిచేసరికి 2022 వచ్చింది. అదే నది ఒడ్డున కానరీ వార్ఫ్ అనే పాత రేవు పేటలో పెద్ద టవర్ 1991లో పూర్తయితే మరుసటి ఏడాదే కట్టిన కంపెనీ దివాలా తీసింది, నగరం నడిబొడ్డు నుంచి వచ్చే జూబిలీ లైన్ అనే మెట్రో రైలు 1999కి గానీ చేరలేదు. ఇప్పుడు ఆ రెండు చోట్లా స్టేషన్లు ఉన్నాయి, నిజమే. కానీ మధ్యలో ఆ ఏళ్ళన్నీ వాయిదాలు కడుతూ ఎదురుచూసిన కుటుంబాలకు 'చివరికి వచ్చింది కదా' అనే మాటతో ఒరిగేదేముంది?

కాబట్టి ఒక పని చెయ్యి. వస్తాయన్నవేవీ రావు అనుకుని లెక్క వేసుకో. ఇవాళ ఉన్న బస్సులోనే ఆఫీసుకు వెళ్ళి రా, అమ్మాయి కూడా తన ఆఫీసు టైముకి ఒకసారి వెళ్ళి చూడాలి. రాత్రి ఆఖరి బస్సు ఎన్నింటికో కనుక్కో. పాపకి జ్వరం వస్తే ఎక్కడికి పరిగెత్తాలో చూడు. ఈరోజు ఉన్నదాంతోనే మీ ముగ్గురికీ రోజు గడుస్తుందనిపిస్తే కొను, తర్వాత వచ్చేదంతా లాభం. స్టేషన్ వస్తేనే ఆ ఇల్లు మనకి పనికొస్తుంది అనిపిస్తే మాత్రం స్టేషన్ వచ్చాకే కొను, రేటు కాస్త ఎక్కువైనా సరే. మ్యాపులో చుక్కల గీత ఉందంటే అది ఇంకా కాగితం మీదే ఉందని అర్థం. డబ్బు మంజూరైందా, కాంట్రాక్టు ఎవరికైనా ఇచ్చారా, పనులు మొదలయ్యాయా, ఈ మూడూ అడుగు. బిల్డర్‌కి ఇచ్చిన అనుమతి పత్రాల్లో షరతులు ఉంటాయి, ఇన్ని ఇళ్ళు నిండేలోపు బడి కట్టాలి, పార్కు ఇవ్వాలి అని. ఆ పేజీలు ఎవరూ చదవరు. నువ్వు చదువు.

అలాగే మాస్టర్ ప్లాన్‌లో మన బ్లాకుకీ నదికీ మధ్య ఉన్న ఖాళీ జాగాలో ఏం రాసి ఉందో చూడు. ఇప్పుడు గడ్డి కనిపిస్తున్న ఆ చోటే మూడో ఫేజ్ అయితే నువ్వు డబ్బు కట్టిన ఆ నది ఇంకొకడి బాల్కనీలోకి వెళ్ళిపోతుంది. పైగా ఆ ఫేజ్ కట్టినన్నాళ్ళూ పైలింగ్ చప్పుడు, దుమ్ము, లారీలు. మా పేటలో కొన్నేళ్ళ పాటు వేసవిలో కూడా కిటికీలు మూసుకునే ఉన్నాం.

ఇక నీళ్ళ సంగతి. దీని మీద కాస్త ఎక్కువ రాస్తాను, విసుక్కోకు.

నువ్వు ఫోన్లో 'తొమ్మిదో అంతస్తు అత్తా, వరద మనదాకా రాదు' అన్నావు. వరద మీ హాల్లోకి రాదు, ఒప్పుకుంటాను. మరి కరెంటు ఎక్కడుంది? ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో 1974లో పెద్ద వరద వచ్చింది, ఆ తర్వాత ఎగువన పెద్ద డ్యామ్ కట్టారు, ఇక భయం లేదని చాలామంది అనుకున్నారు. 2011 జనవరిలో నది మళ్ళీ ఊళ్ళోకి వచ్చింది, 2022లో ఇంకోసారి వచ్చింది. 2011లో నది ఒడ్డు అపార్ట్‌మెంట్లలో పైఅంతస్తుల వాళ్ళ ఇళ్ళు పొడిగానే ఉన్నాయి. కానీ కరెంటు ప్యానెళ్ళూ పంపులూ బేస్‌మెంట్లో ఉండి మునిగిపోవడంతో లిఫ్టు లేదు, నీళ్ళు లేవు, లైటు లేదు, జనం ఇల్లొదిలి వెళ్ళాల్సి వచ్చింది. ఇంకో సంగతి, అప్పుడు చాలా వీధుల్లోకి నీళ్ళు ఒడ్డు పొర్లి రాలేదు, వాన నీళ్ళు నదిలోకి పోవాల్సిన డ్రైన్లలోంచే వెనక్కి ఎగదన్ని మాన్‌హోళ్ళలోంచి పైకి వచ్చాయి. అందుకని నది గోడ ఎంత ఎత్తుంది అని ఒక్కటే అడిగి ఊరుకోకు. డ్రైన్లకి వెనక్కి రాకుండా ఆపే వాల్వులు పెట్టారా, మెయిన్ ప్యానెల్ ఏ అంతస్తులో ఉంది, జెనరేటర్ ఎక్కడ, మంచినీళ్ళ పంపు ఎక్కడ, వీధి మునిగితే పేటలోంచి బయటికి పోయే ఎత్తైన దారి ఏది, ఇవి అడుగు. సేల్స్ కుర్రాడికి తెలియకపోతే ఇంజనీరుని పిలిపించమను, సిగ్గుపడకు.

బాగా వానలు పడిన వారంలో టార్చ్ పట్టుకుని బేస్‌మెంట్‌లోకి దిగు. గోడల కింద మోకాలి ఎత్తులో తెల్లగా ఉప్పు పూసినట్టు ఉందేమో చూడు, అది లోపలి నుంచి చెమ్మ వస్తున్న గుర్తు. స్తంభాలన్నిటి మీదా ఒకే ఎత్తులో గోధుమ రంగు గీత ఉంటే అక్కడిదాకా నీళ్ళు నిలిచాయన్నమాట. కొత్తగా రంగు వేసిన గోడైతే తలుపుల చట్రాల అడుగు చూడు, మీద రంగు వేసినా తుప్పు అంత త్వరగా దాగదు. బేస్‌మెంట్‌లో చేరిన నీళ్ళని బయటికి తోడే సంప్ పంపు ఒకటే ఉందా, రెండున్నాయా, కరెంటు పోతే నడుస్తాయా. కాసేపు అక్కడే నిలబడు. వాన ఆగి రెండు రోజులైనా ఆ పంపు మాటిమాటికీ ఆన్ అవుతుంటే భూగర్భ జలం ఎప్పుడూ లోపలికి ఊరుతోందని అర్థం, ఆ పంపు ఖర్చు జీవితాంతం నీ మెయింటెనెన్స్‌లోనే.

'వందేళ్ళ వరద' అనే మాట వింటావు. వందేళ్ళకోసారి వస్తుందని కాదు దాని అర్థం. ఏ ఏడాదైనా వచ్చే అవకాశం నూటికి ఒకటి అని. 30 ఏళ్ళ లోన్ తీసుకుంటే ఆ లోన్ తీరేలోపు కనీసం ఒక్కసారి వచ్చే అవకాశం నూటికి 26 దాకా పోతుంది. భయపెట్టడానికి చెప్పట్లేదు. నీళ్ళని లెక్కలోకి తీసుకుని కట్టిన చోట్లు ఉన్నాయి. జర్మనీలోని హాంబర్గ్‌లో హాఫెన్‌సిటీ అని పాత రేవు మీద కట్టిన పేట చూడు, ఇళ్ళని సముద్ర మట్టానికి 8, 9 మీటర్ల ఎత్తున లేపి, కింద భాగాన్ని కార్లకి వదిలి, వరద తలుపులు పెట్టారు. లండన్ థేమ్స్‌మీడ్‌లో 1960ల చివర కట్టిన మొదటి ఇళ్ళకి కింది అంతస్తులో పడకగదులే పెట్టలేదు. మీ బిల్డర్ అలాంటి ఆలోచన చేశాడా లేదా అన్నది ప్లాన్ చూస్తేనే తెలుస్తుంది.

ఇన్సూరెన్స్ కొటేషన్ అడ్వాన్స్ కట్టకముందే తెప్పించుకో, ఆ చిరునామాకి, వరదతో కలిపి. తర్వాత చూసుకోవచ్చులే అనుకోకు. బ్రిటన్‌లో వరద ప్రాంతాల ఇళ్ళకి బీమా అందుబాటులో ఉండాలని 2016లో ఫ్లడ్ రీ అనే పథకం తెచ్చారు, కానీ 2009 జనవరి 1 తర్వాత కట్టిన ఇళ్ళకి అది వర్తించదు. వరద ముప్పు ఉన్నచోట కొత్తగా కట్టినవాళ్ళని ప్రోత్సహించకూడదని ఆ నియమం. అంటే కొత్త ఇల్లు కాబట్టి ఢోకా లేదనుకున్నవాళ్ళే బయట మిగిలారు. మీ దగ్గర నియమం వేరే ఉండొచ్చు, అందుకే కాగితం మీద అంకె కావాలి. బీమా కంపెనీ వెనకాడిందంటే రేపు నీ దగ్గర కొనేవాడికి లోన్ ఇచ్చే బ్యాంకూ వెనకాడుతుంది.

మెయింటెనెన్స్ మాటకొస్తే, మొదటి రెండేళ్ళ రేటు చూసి మురిసిపోకు. అమ్ముడుపోయేదాకా తక్కువే చూపిస్తారు. నది ఒడ్డు దారి, లైట్లు, తోటలు, అన్నిటికంటే ముఖ్యంగా ఆ నది గోడ ఎవరిది? లండన్‌లో అయితే ఒడ్డున స్థలం ఎవరిదో గోడని బాగుచేయించే బాధ్యత వాళ్ళదే. గోడ పాడైతే ఆ ఖర్చు ఫ్లాట్ల మీద పంచేలా అగ్రిమెంట్‌లో రాసి ఉందేమో లాయర్‌ని ప్రత్యేకంగా చూడమను.

మట్టి సంగతి ఒక ముక్క. అక్కడ ఇంతకుముందు ఏముండేది? గ్యాస్ ఫ్యాక్టరీ, తోళ్ళ పరిశ్రమ, రంగుల కంపెనీ లాంటివైతే నేలలో తారు, సీసం, ఆర్సెనిక్ మిగిలి ఉండొచ్చు. పరీక్ష రిపోర్టు అడుగు, చెడ్డ మట్టి తీసేశారా లేక మీద మంచి మట్టి కప్పారా అని అడుగు. కప్పిన చోట కూడా ఇళ్ళు కట్టుకుని బతుకుతున్నారు, కానీ అక్కడ లోతుగా తవ్వకూడదు, పెరటి కూర మొక్కలు తొట్లలోనే పెంచుకోవాలి. ఈ విషయం అమ్మాయికి కూడా చెప్పు, తనకి మొక్కల పిచ్చి.

ఒకసారి రాత్రి తొమ్మిదింటికి వెళ్ళి, ముందే పూర్తయిన బ్లాకుల్లో ఎన్ని కిటికీల్లో లైట్లు వెలుగుతున్నాయో చూడు. సగం చీకటిగా ఉంటే పెట్టుబడికి కొని తాళం వేసుకున్నవాళ్ళే ఎక్కువన్నమాట. అలాంటి చోట అసోసియేషన్ మీటింగుకి మనుషులు రారు, లిఫ్టు పాడైతే పట్టించుకునేవాళ్ళుండరు. వాళ్ళందరూ ఒకేసారి అమ్మకానికి పెడితే నీ రేటూ పడిపోతుంది. ఎలాగూ కొత్త ఫేజులు అమ్ముతున్నన్నాళ్ళూ నీ పాత ఫ్లాట్ బిల్డర్ కొత్త ఫ్లాట్లతో పోటీ పడాలి, అతను ఆఫర్లు ఇస్తాడు, నువ్వివ్వలేవు. ఐదేళ్ళలో అమ్మి వేరే ఊరు వెళ్ళాలనే ఆలోచన ఏ మూలనైనా ఉంటే ఇక్కడ కొనకు, అద్దెకుండు. ఒక ఏడాది అద్దెకుంటే వానాకాలం, ఎండాకాలం, మురుగు శుద్ధి ప్లాంటు వైపు నుంచి గాలి తిరిగే రోజులు, ఆటు సమయంలో వచ్చే బురద వాసన అన్నీ తెలిసిపోతాయి. నన్నడిగితే అదే అన్నిటికన్నా మంచి దారి.

ఇంకొకటి, ఇది నాకు చాలా ముఖ్యం. మీ బ్లాకు వెనక పాత ఇళ్ళున్నాయి కదా, ఫొటోలో ఒక మూల కనిపించాయి. ఆ పేట ఎవరికీ అక్కర్లేని రోజుల్లో కూడా అక్కడే ఉన్నవాళ్ళు వాళ్ళు. ఇప్పుడు అద్దెలు పెరిగి, వాళ్ళ పిల్లలు అక్కడే ఉండగలరో లేదో తెలియని పరిస్థితి ఉంటుంది. వాళ్ళని పాత జనం అని పక్కనపెట్టి గేటు లోపలే బతికే కుటుంబాలని చాలా చూశాను, నాకు బాధేసేది. మీరలా ఉండొద్దు. పాపని వాళ్ళ పిల్లలు వెళ్ళే బడికే పంపండి, వాళ్ళ సంఘం మీటింగులకి వెళ్ళండి, ఆ పాత కొట్లలో కొనండి. మా పక్కింటి ముసలాయన రేవులో పనిచేసినవాడు, ఏ వీధిలో నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో గోడ తాకి చూపించేవాడు, ఏ సర్వే రిపోర్టులోనూ అంత వివరం లేదు. నువ్వు కూడా కొనకముందే ఆ ఇళ్ళ వైపు వెళ్ళి, అరుగు మీద కూర్చున్న పెద్దవాళ్ళని పలకరించి, వరద ఎప్పుడొచ్చింది, ఎక్కడిదాకా వచ్చింది అని అడుగు. కొనడానికి వచ్చానని నిజమే చెప్పు, బాగానే మాట్లాడతారు.

బిల్డర్ చూపించిన లాయర్ని పెట్టుకోకు, మనవాడిని వేరే పెట్టుకో. అనుమతి షరతులు, వరద మ్యాపు, మట్టి రిపోర్టు, మెయింటెనెన్స్ బడ్జెట్, ఇన్సూరెన్స్ కొటేషన్ చేతికొచ్చేదాకా అడ్వాన్స్ కట్టొద్దు, 'ఈ వారమే ఆఫర్' అని ఎంత తొందరపెట్టినా సరే. కాగితాలు రాగానే నాకు స్కాన్ చేసి పంపు. మావయ్య మోకాళ్ళ నొప్పులు తగ్గాయి కాబట్టి వచ్చే నెల ఇద్దరం వస్తాం, ఆ బేస్‌మెంట్‌లోకి నీతో పాటు నేనూ దిగుతాను, టార్చ్ తెచ్చిపెట్టు.

మీ అత్త