ఇల్లు పడగొట్టే ముందు కరెంటు, నీళ్లు ఎప్పుడు ఆపాలి?

ప్రశ్న: సికింద్రాబాద్‌లో మా నాన్నగారు కట్టించిన పాత ఇంటిని పడగొట్టి అపార్ట్‌మెంటు కట్టడానికి బిల్డరుతో డెవలప్‌మెంట్ అగ్రిమెంటు చేసుకున్నాం. కింద ముప్పై ఏళ్లుగా ఒక కిరాణా కొట్టు ఉంది. దాని అద్దె ఇప్పటికీ నెలకు 2,500 రూపాయలే. పై పోర్షన్‌లో 12,000 రూపాయల అద్దెకు ఒక కుటుంబం ఉంటోంది. వారి పదకొండు నెలల అగ్రిమెంటు ఎప్పుడో ముగిసింది. ఖాళీ చేయమంటే ఇద్దరూ వాయిదాలు వేస్తున్నారు. మీటర్లు, నల్లా మా పేరు మీదే ఉన్నాయి కనుక కనెక్షన్లు తీయించేస్తే వాళ్లే వెళ్లిపోతారని బిల్డరు అంటున్నారు. అలా చేయవచ్చా?

జవాబు: చేయకూడదు. ఇద్దరూ ఖాళీ చేసి తాళంచెవులు మీ చేతికి ఇచ్చేవరకూ కరెంటుగానీ, నీళ్లుగానీ ఆపే హక్కు మీకు లేదు. మీటరు మీ పేరున ఉన్నంత మాత్రాన ఆ హక్కు రాదు. 2003 విద్యుత్ చట్టం 43వ సెక్షన్ ప్రకారం సరఫరా కోరే అర్హత యజమానికే కాదు, ఆ ఇంట్లో నివసించేవారికీ ఉంది. విద్యుత్తు మనిషికి కనీస అవసరమనీ, యజమాని నిరభ్యంతర పత్రం ఇవ్వలేదన్న కారణంతో కిరాయిదారుకు దాన్ని నిరాకరించరాదనీ సుప్రీంకోర్టు 2022లో దిలీప్ వర్సెస్ సతీష్ కేసులో చెప్పింది. మీరు ఈ రోజు సర్వీసు తీయించినా, వారు తమ పేరున దరఖాస్తు పెట్టుకుని మళ్లీ తెచ్చుకోగలరని దీని అర్థం.

మీ ఇద్దరు కిరాయిదారులకూ వర్తించే చట్టాలు వేరు. తెలంగాణలో 1960 నాటి అద్దె నియంత్రణ చట్టమే ఇప్పటికీ అమలులో ఉంది. (ఆంధ్రప్రదేశ్ పాఠకులు గమనించాలి: అక్కడ 2017లో కొత్త అద్దె చట్టం చేశారు.) 2005 సవరణ తరువాత నగరపాలక సంస్థల పరిధిలో నెల అద్దె 3,500 రూపాయలు దాటిన భవనాలు ఆ చట్టం నుంచి బయటపడ్డాయి. కాబట్టి కింది కొట్టుకు దాని రక్షణ ఉంది, పై పోర్షన్‌కు లేదు. కిరాయిదారు అనుభవిస్తున్న సదుపాయాలను యజమాని సరైన కారణం లేకుండా ఆపడాన్ని ఆ చట్టం 14వ సెక్షన్ నేరుగా నిషేధించింది. ఆపితే వారు ఆ చట్టం కింద అద్దె వివాదాలు తేల్చే అధికారి అయిన రెంట్ కంట్రోలర్ దగ్గరకు వెళ్తారు. పునర్నిర్మాణం కోసం కొట్టును స్వాధీనం చేసుకోవాలంటే మీరు వెళ్లవలసినదీ అదే రెంట్ కంట్రోలర్ దగ్గరకు, 12వ సెక్షన్ కింద. అక్కడ మీ అవసరం నిజమైనదని రుజువు చేయాలి, అంటే మంజూరైన ప్లాను, అగ్రిమెంటు, ఖర్చు భరించగల స్థోమత చూపాలి. నీళ్లు ఆపిన యజమానిగా ముందే ఆ అధికారి ముందు నిలబడితే, ఎంత నిజమైన అవసరమైనా సాకులా కనిపించే ప్రమాదం ఉంది. గట్టి కేసు ఉన్నవారు కూడా ఈ తొందరపాటుతో తమ కేసును తామే బలహీనపరచుకుంటారు. అందుకే ఇంత కటువుగా చెబుతున్నాను.

పై కుటుంబానికి 1882 ఆస్తి బదిలీ చట్టం వర్తిస్తుంది. అగ్రిమెంటు గడువు ముగిసినా మీరు అద్దె తీసుకుంటూనే ఉన్నారు కనుక అది నెలవారీ కిరాయి అయింది. 106వ సెక్షన్ ప్రకారం పదిహేను రోజుల రాతపూర్వక నోటీసుతో దాన్ని ముగించవచ్చు. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. నోటీసు ఇచ్చాక ఏమీ రాయకుండా అద్దె తీసుకుంటే, 113వ సెక్షన్ కింద నోటీసును మీరే వదులుకున్నారని వారు వాదించవచ్చు. కాబట్టి తీసుకునే ప్రతి పైకానికీ ‘నోటీసుకు భంగం లేకుండా’ అని రాసి రసీదు ఇవ్వండి. నోటీసు గడువు దాటినా కదలకపోతే సివిల్ కోర్టులో దావా వేయాలి. డిక్రీ వచ్చేదాకా వారిని ఇబ్బంది పెట్టే ఏ పని చేసినా కోర్టు మీపై ఇంజంక్షన్ (నిషేధ ఉత్తర్వు) ఇవ్వగలదు, సరఫరా తిరిగి ఇప్పించమని ఆదేశించగలదు కూడా. ఆ ఇంట్లో పసిపిల్లలో, మంచం పట్టిన పెద్దవారో ఉంటే ఎండాకాలంలో ఒక్క పూట నీళ్లు లేకపోవడం ఎంత కష్టమో మీకు తెలియనిది కాదు.

బిల్లులు కట్టడం మానేస్తే విద్యుత్ సంస్థే వచ్చి ఫ్యూజు తీసుకుపోతుంది కదా అనే ఆలోచన కూడా వద్దు. బకాయి ఉన్నా విద్యుత్ చట్టం 56వ సెక్షన్ ప్రకారం పదిహేను రోజుల నోటీసు ఇవ్వాలి. ఈలోగా మీరు కట్టవలసిన బిల్లును కిరాయిదారే కట్టి, ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ కింద అద్దెలో మినహాయించుకోవచ్చు. ఇక మనుషులను పంపి వైరు కోయించడం విద్యుత్ చట్టం 140వ సెక్షన్ కింద నేరమయ్యే అవకాశం ఉంది. తాగునీటికి అడ్డుపడటం భారతీయ న్యాయ సంహిత కింద అంతకంటే తీవ్రమైన విషయం.

ఇల్లు శిథిలమైందని మీరే ప్రకటించుకుని ఖాళీ చేయించడమూ కుదరదు. కూలిపోయే స్థితిలో ఉన్న కట్టడంపై నగరపాలక సంస్థ తన చట్టంలోని 456వ సెక్షన్ కింద నోటీసు ఇస్తే అది వేరే సంగతి. అప్పుడైనా కిరాయిదారు హక్కు ఇంటితోపాటే నేలమట్టం కాదు. కట్టడాన్ని కూల్చినా నేలపై కిరాయి హక్కు మిగిలే ఉంటుందని సుప్రీంకోర్టు 2014లో షాహా రతన్సీ ఖిమ్‌జీ కేసులో తేల్చింది.

కనుక ఆ ఇద్దరితో కూర్చుని మాట్లాడండి. అడ్వాన్సు తిరిగి ఇవ్వడం, సామాను తరలింపు ఖర్చు, కొట్టుకు కొత్త భవనంలో చోటు, ఖాళీ చేసే తేదీ వంటి వాటిపై అంగీకారం కుదిరితే దాన్ని లోక్ అదాలత్‌లో అవార్డుగా (తీర్పుగా) రాయించండి. 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం దానికి సివిల్ కోర్టు డిక్రీ విలువ ఉంది, దానిపై అప్పీలు లేదు. బిల్డరు తొందరపడుతున్నారంటే ఖాళీ స్థలం అప్పగించే గడువు మీ అగ్రిమెంటులో ఉండి ఉంటుంది. ఆ గడువును ఇప్పుడే రాతపూర్వకంగా పొడిగించుకోండి.

తాళంచెవులు చేతికి వచ్చాక మాత్రం కనెక్షన్లు తీయించకుండా ఒక్క ఇటుక కూడా కదపనివ్వవద్దు. కూల్చివేతకు ముందు అన్ని సరఫరాలనూ విడదీయాలని భారత ప్రమాణాల సంస్థ ఐఎస్ 4130 భద్రతా నియమావళి కూడా చెబుతోంది. ఖాళీ చేసిన రోజే వారి ఎదుట మీటరు రీడింగు ఫోటో తీసి ఇరువైపులా సంతకాలు పెట్టించండి. ఇంట్లో ఫ్యూజు పీకితే సరిపోదు, స్తంభం నుంచి మీటరు వరకూ వచ్చే తీగలో కరెంటు అలాగే ఉంటుంది. సర్వీసు పూర్తిగా రద్దు చేయమని విద్యుత్ సంస్థకు దరఖాస్తు ఇచ్చి, బకాయి తీర్చి, తీగను స్తంభం దగ్గరే తొలగింపజేసి, రద్దయినట్లు కాగితం తీసుకోండి. పైకప్పుపై సోలార్ పలకలుంటే ఎండ ఉన్నంతసేపూ వాటి తీగల్లో కరెంటు ఉంటుంది, ఇన్వర్టరు బ్యాటరీ సంగతీ అంతే. నల్లాను జలమండలి సిబ్బందితో వీధి పైపు దగ్గర మూయించండి, డ్రైనేజీ గొట్టానికి మూత వేయించండి. పైపు గ్యాసు ఉంటే ఆ సంస్థ మనుషులే వచ్చి తీయాలి. పెరట్లో బోరు ఉండి, దాన్ని ఇక వాడనట్లయితే అడుగు నుంచి నేలమట్టం వరకూ మట్టీ రాళ్లతో పూడ్పించండి. 2010లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాలలో అదీ ఒకటి. పని మొదలయ్యే రోజు వరకూ ఆ గుంతను తెరిచి ఉంచవద్దు.