‘ఓక్లహోమా!’ 2019 పునఃప్రదర్శనపై ప్రేక్షకులు ఎందుకు రెండుగా చీలిపోయారు?

మాటలు, పాటలు దాదాపు పాతవే. కథను చూసే తీరే మారింది. అదే చాలామందికి మింగుడుపడలేదు.

రాజర్స్, హామర్‌స్టైన్‌ల ఈ సంగీత నాటకం 1943లో మొదలై న్యూయార్క్ నాటకరంగమైన బ్రాడ్‌వేలో 2,212 సార్లు ఆడింది. అమెరికన్లకు అది తరతరాలుగా హాయిగొలిపే పల్లె ప్రేమకథ. 2019లో దర్శకుడు డేనియల్ ఫిష్ హాలులో దీపాలు చాలాసేపు ఆర్పనేలేదు. విరామంలో చిల్లీ అనే కారపు కూర, మొక్కజొన్న రొట్టె పెట్టించారు. అలా ప్రేక్షకులను ఊరివాళ్లలో కలిపేసుకున్నాకే అసలు దెబ్బ. పాత ప్రదర్శనల్లో, కథానాయికపై మనసుపడ్డ పాలేరు జడ్, ఆమెను పెళ్లాడిన కౌబాయ్ కర్లీతో పెనుగులాటలో తన కత్తి మీదే పడి చనిపోతాడు. ఇక్కడ కర్లీ అతన్ని తుపాకీతో కాలుస్తాడు, పెళ్లిబట్టల మీద రక్తం చిందుతుంది, ఊరు అక్కడికక్కడే విచారణ జరిపి కర్లీని వదిలేస్తుంది.

కొందరు నిశ్చేష్టులై మెచ్చుకున్నారు. కొందరు తమకు ఇష్టమైన నాటకాన్ని పాడుచేశారని మండిపడ్డారు. నిజానికి ఆ హడావుడి విచారణ మూలంలోనే ఉంది, ఫిష్ దాన్ని నవ్వుల మాటున దాచలేదు, అంతే. కథానాయిక కలను చూపేందుకు ఒంటరి నర్తకితో చేయించిన స్వప్న నృత్యం మాత్రం నాకూ సాగదీతే అనిపిస్తుంది.

ఆ ఏడాది ఉత్తమ సంగీత నాటక పునఃప్రదర్శనగా, బ్రాడ్‌వే నాటకాలకిచ్చే టోనీ పురస్కారం దీనికే దక్కింది. ఇందులో నటించిన అలీ స్ట్రోకర్, చక్రాల కుర్చీ వాడే నటుల్లో టోనీ గెలిచిన తొలి వ్యక్తి.