తెలియక జరిగిన తప్పు ఎవరిది?

ప్రశ్న: ఏఐ చాట్‌బాట్ ఇచ్చిన ఒక తత్వవేత్త మాటను నా వ్యాసంలో ఉటంకించాను. ఆయన ఆ మాట ఎక్కడా అనలేదని అచ్చయ్యాక తేలింది. తెలియక జరిగింది కదా, బాధ్యత నాదేనా?

జవాబు: మీదే. తెలియదన్న మాట చెల్లాలంటే తెలుసుకునే దారి కూడా మూసుకుపోయి ఉండాలి. తాగి తప్పు చేసినవాడికి రెట్టింపు శిక్ష వేసే చట్టాన్ని అరిస్టాటిల్ ‘నికోమాకియన్ ఎథిక్స్’ మూడో భాగంలో ప్రస్తావిస్తాడు. తాగకుండా ఉండటం అతని చేతిలో పనే కాబట్టి, ఆ ఒళ్లు తెలియనితనానికీ అతనే కారణమంటాడు. 1877లో ఆంగ్ల గణితవేత్త, తత్వవేత్త విలియం క్లిఫర్డ్ ఒక ఉదాహరణతో ఇంకా గట్టిగా చెప్పాడు. ఓడ పాతబడిందని అనుమానం ఉన్నా, ఏమీ కాదులే అని మనసుకు సర్దిచెప్పుకుని యజమాని దాన్ని సముద్రంలోకి పంపుతాడు. మునిగితే దోషి. క్షేమంగా చేరినా అంతే దోషి అంటాడు క్లిఫర్డ్. మీరు వేసిన మాట అదృష్టం కొద్దీ నిజమై ఉన్నా, సరిచూడకుండా వేయడం తప్పే అయ్యేది.

చాట్‌బాట్‌ను నడిపే భాషా నమూనా (లాంగ్వేజ్ మోడల్) ఏ పుస్తకమూ తెరిచి చూసి చెప్పదు. ముందున్న మాటలను బట్టి తర్వాత ఏది రావచ్చో లెక్కగట్టి పేర్చుకుంటూ పోతుంది. అందుకే శైలి అచ్చం ఆ రచయితదిలాగే ఉంటుంది, పేజీ నంబరు కూడా నమ్మకంగా చెబుతుంది. వెబ్‌లో వెతికి చెప్పే చాట్‌బాట్‌లు లింకు ఇస్తాయి గానీ, ఆ మాట అక్కడ ఉందో లేదో మీరే తెరిచి చూడాలి. “ఇది నిజమేనా?” అని దాన్నే అడగడం తనిఖీ కాదు. న్యూయార్క్‌లో ఒక న్యాయవాది అలాగే చాట్‌జీపీటీని అడిగి, అవునంటే నమ్మాడు. లేని తీర్పులను కోర్టు ముందు పెట్టినందుకు ఆయనకూ, సహ న్యాయవాదికీ, వారి సంస్థకూ కలిపి 2023లో 5,000 డాలర్ల జరిమానా పడింది.

ఇకపై గ్రంథం, అధ్యాయం పట్టుకుని మూలంలో ఆ మాటకు ముందూ వెనకా ఒక్కో పేరా చదవండి. నవలో నాటకమో అయితే అది రచయిత మాటా, పాత్ర మాటా చూడండి. ఎక్కువమంది బోల్తాపడేది ఇక్కడే. అనువాదమైతే అనువాదకుడి పేరు ఇవ్వండి. మూలం దొరక్కపోతే మాటనూ పేరునూ రెండింటినీ తీసేయండి, “అంటారు” అని దాటవేయకండి. ఇప్పటికే అచ్చయిన తప్పుకు సవరణ వెంటనే వేయించండి.

ప్రశ్న: నమూనా ఏం చెబుతుందో తయారుచేసినవారికే ముందుగా తెలియదు. వారిని ఎలా తప్పుపడతాం?

జవాబు: తత్వవేత్త ఆండ్రియాస్ మత్తియాస్ 2004లో ‘బాధ్యతలో ఖాళీ’ అన్నది, ఎవరినీ బాధ్యులను చేయలేని ఈ స్థితినే. అయితే ఏ తప్పు వస్తుందో తెలియకపోయినా, తప్పులు వస్తాయని తయారీదారులకు తెలుసు. మేరీ షెల్లీ 1818 నవల ‘ఫ్రాంకెన్‌స్టైన్’లో శాస్త్రవేత్త విక్టర్ తాను ప్రాణం పోసిన జీవిని ఆ రాత్రే వదిలేసి పారిపోతాడు. నా లెక్కలో అతని పెద్ద దోషం అదే. కాబట్టి తయారీదారులను అడగాల్సినవి ఇవి: విడుదలకు ముందు ఏయే పనుల్లో పరీక్షించారు? బయటపడ్డ లోపాలను వాడేవారికి చెప్పారా? ఫిర్యాదు వస్తే నమూనాను ఆపే అధికారం ఎవరికుంది?