రెండో పాటదారు ఉన్న చోటే వేలం

ప్రశ్న: మాది చెన్నై పెరంబూరు. రైల్వేలో పనిచేసిన మా నాన్నగారు పోయాక ఇంట్లో ఒక రోలీఫ్లెక్స్ కెమెరా, 200కు పైగా తెలుగు సినిమా పాటల ఎల్‌పీ రికార్డులు మిగిలాయి. వీటిని ఆన్‌లైన్ వేలంలో అమ్మాలంటే ఇక్కడి చిన్న సైటు మేలా, విదేశీయులు కొనే పెద్ద సైటు మేలా?

జవాబు: రెండింటినీ ఒకే చోట అమ్మకండి. వేలంలో ధరను నిర్ణయించేది గెలిచినవారు కాదు, ఓడిపోయిన రెండో పాటదారు. ఒకరు 20,000 రూపాయల దాకా పాడగలిగినా, రెండోవారు 6,000 దగ్గర ఆగిపోతే మీ చేతికి వచ్చేది 6,000కు కాస్త పైన మాత్రమే. ఆ రెండోవారే లేకపోతే మీరు పెట్టిన సర్కారు పాటకే, అంటే వేలం మొదలయ్యే ధరకే, వస్తువు వెళ్లిపోతుంది. చిన్న మార్కెట్‌లో తరచుగా జరిగేది ఇదే.

విదేశీ ఆన్‌లైన్ వేలం సైటు ఈబే 2004లో ఇక్కడి వేలం సైటు బాజీ డాట్ కామ్‌ను కొని మన దేశంలోకి వచ్చింది, 2018లో ఈబే ఇండియా సైటు మూతపడింది. అయితే ఇక్కడి నుంచి విదేశాలకు అమ్మేవారు ఇప్పటికీ ఈబే విదేశీ సైటును వాడుతున్నారు. రోలీఫ్లెక్స్‌ను సేకరించేవారు ఎన్నో దేశాల్లో ఉన్నారు కనుక మీ కెమెరాను అక్కడ పెట్టవచ్చు. పాటదారులు చాలామంది ఉన్నచోట సర్కారు పాట తక్కువగా ఉన్నా భయం లేదు. అయితే ఎగుమతికి ఐఈసీ (దిగుమతి-ఎగుమతి కోడ్) నంబరు తీసుకోవాలి, దాని రుసుము 500 రూపాయలు. సైటు కమీషన్, డాలర్లను రూపాయల్లోకి మార్చే ఖర్చు, పార్సిల్ ఖర్చు తీసేశాక మిగిలేదే మీ అసలు ధర. అమెరికాలో 800 డాలర్ల లోపు వస్తువులకు ఉన్న సుంకం మినహాయింపు 2025 ఆగస్టు 29 నుంచి ఆగిపోయింది కనుక, అక్కడి కొనుగోలుదారు ఆ భారాన్ని లెక్కలోకి తీసుకునే పాడతారు.

పెట్టే ముందు ఒక పని చేయండి. చీకటి గదిలో లెన్సు వెనుక నుంచి టార్చి వేసి చూడండి. చెన్నై తేమకు లోపల సాలెగూడు దారాల్లాంటి బూజు పట్టి ఉండవచ్చు. అది కనిపిస్తే దాచకుండా ఫొటోతో సహా రాయండి, ఎందుకంటే విదేశం నుంచి కెమెరా తిరిగి వస్తే రానుపోను ఖర్చు మీ మీదే పడవచ్చు.

రికార్డుల సంగతి వేరు. తెలుగు పాటలు కోరి కొనేవారు కొద్దిమందే, వారిలో ఎక్కువమంది మన దేశంలోనే ఉంటారు. ఒకే రికార్డు కోసం ఒకే వారంలో ఇద్దరు పోటీపడతారన్న నమ్మకం లేదు కనుక ఇక్కడ వేలం వద్దు, ధర కట్టి ఓపికగా అమ్మండి. 1985లో కాలిపోయిన మన చెన్నై మూర్ మార్కెట్‌లో పాత సామాను అమ్మినవారు చేసింది కూడా అదే: వేలం వేయలేదు, ధర చెప్పి బేరమాడారు. ధర కట్టేటప్పుడు అమ్మేవారు అడుగుతున్న ధరలను కాక, నిజంగా అమ్ముడుపోయిన ధరలను చూడండి. ఎండకు అటకమీద వంగిపోయిన రికార్డులను ముందే వేరుచేయండి. డబ్బు పంపుతానంటూ ఎవరైనా క్యూఆర్ కోడ్ స్కాన్ చేయమన్నా, యూపీఐ పిన్ కొట్టమన్నా వెంటనే బేరం మానుకోండి. డబ్బు అందుకోవడానికి పిన్ అక్కరలేదు.

పన్ను గురించి దిగులు పడకండి. ఇంట్లో సొంతానికి వాడుకున్న ఇలాంటి వస్తువులు వ్యక్తిగత వస్తువుల కిందకు వస్తాయి, వాటిపై మూలధన లాభాల పన్ను ఉండదు. నగలకు, చిత్రపటాలకు, శిల్పాలకు మాత్రం ఈ వెసులుబాటు లేదు. ఈ అనుభవంతో ఇతరుల సామాను కూడా కొని అమ్మడం మొదలుపెడితే అది వ్యాపారమవుతుంది. అప్పుడు జీఎస్టీ నమోదు గురించి ముందే ఆడిటర్‌ను కలవండి.