టెక్ సందేహాలు: బైబిల్ రోజూ చదవాలంటే ఫోన్‌లో ఏం సర్దుకోవాలి?

ఏడాదిలో బైబిల్ పూర్తిచేసే ప్లాన్ జనవరి 1న మొదలుపెడుతున్నాను. ఫిబ్రవరి వచ్చేసరికి ఆగిపోతోంది. రిమైండర్ కూడా కొన్ని రోజులు రావడమే లేదు. యాప్ మార్చాలా? (గుంటూరు జిల్లా నుంచి ఒక పాఠకురాలు)

యాప్ మార్చనక్కర్లేదు. మీకున్నవి రెండు వేర్వేరు సమస్యలు. ముందు ప్లాన్ సంగతి చూద్దాం.

66 పుస్తకాల బైబిల్లో 1189 అధ్యాయాలున్నాయి. ఆదివారం ఐదు, మిగతా రోజుల్లో మూడేసి చొప్పున చదివితే వారానికి 23 అవుతాయి, 52 వారాల్లో పూర్తవుతుంది. వినడానికి తేలికగానే ఉంటుంది. కానీ ఆదికాండము 50, నిర్గమకాండము 40 అధ్యాయాలే. అంటే జనవరి చివరికల్లా మీరు లేవీయకాండములో ఉంటారు. బలుల విధులు, శుద్ధి నియమాలు మొదటిసారి చదివేవారికి మెల్లగా సాగుతాయి. సరిగ్గా అక్కడే మూడు రోజులు తప్పితే నాలుగో రోజు పన్నెండు అధ్యాయాలు ఎదురుచూస్తుంటాయి. ప్లాన్ ఆగిపోయేది అక్కడే. తప్పు మీ భక్తిది కాదు, రోజువారీ మోతాదుది.

మొదటి ఏడాదికి కొత్త నిబంధన ఒక్కటే పెట్టుకోండి. అందులో 260 అధ్యాయాలున్నాయి. వారానికి ఐదు రోజులు, రోజుకొకటి చదివితే సరిగ్గా 52 వారాలు. మిగిలిన రెండు రోజులు తప్పినవాటికి. ఒక అధ్యాయాన్ని బయటికి చదవడానికి మామూలుగా పది నిమిషాలు చాలు. ఇంకో పది నిమిషాలుంటే అదే అధ్యాయాన్ని రెండోసారి చదివి, ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారు, ముందు అధ్యాయంలో ఏం జరిగింది, ఇందులో నేను చేయవలసింది ఏముంది అన్న మూడింటికీ జవాబులు రాసుకోండి. చదవడం అధ్యయనంగా మారేది ఆ రెండోసారే.

రెండో ఏడాది పాత నిబంధనకు వెళ్లినప్పుడు లేవీయకాండమును దాటేయకండి. 16వ అధ్యాయంలోని ప్రాయశ్చిత్త దినాన్ని హెబ్రీయులకు రాసిన పత్రిక 9వ అధ్యాయంతో కలిపి చదవండి. ప్రధానయాజకుడు ఏడాదికొక్కసారే అతిపరిశుద్ధ స్థలం లోపలికి వెళ్లడం ఎందుకో, హెబ్రీ పత్రిక దాన్నే ఎందుకు పట్టుకుందో రెండూ పక్కపక్కన ఉంటే తెలుస్తుంది. ఇందుకు ‘అండ్‌బైబిల్’ అనే ఉచిత ఆండ్రాయిడ్ యాప్ బాగా పనికొస్తుంది. ఒకే తెరపై రెండు కిటికీలు తెరవనిస్తుంది, ప్రకటనలు ఉండవు.

‘యూవెర్షన్’ బైబిల్ యాప్‌లో ప్లాన్ వెనకబడితే ‘క్యాచ్ మీ అప్’ నొక్కండి. తప్పిన రోజులు ముందుకు జరుగుతాయి, బకాయి పోతుంది. వరుసగా ఎన్ని రోజులో చూపే స్ట్రీక్ అంకె కోసం మాత్రం ఆరాటపడొద్దు. అది యాప్ తెరిచిన రోజుల్ని లెక్కపెడుతుంది, చదివిన అధ్యాయాలను కాదు.

ఇక రిమైండర్. ఆండ్రాయిడ్ 13 నుంచి నోటిఫికేషన్లకు ప్రతి యాప్ విడిగా అనుమతి అడుగుతుంది. యాప్ పెట్టుకున్న రోజు ‘డోంట్ అలౌ’ నొక్కేసి ఉంటే ఇక రావు. సెట్టింగ్స్‌లో యాప్స్, ఆ యాప్ పేరు, నోటిఫికేషన్స్ తెరిచి ఆన్ చేయండి. అప్పుడప్పుడూ వస్తూ, అప్పుడప్పుడూ రాకపోతే కారణం బ్యాటరీ పొదుపు. అదే పేజీలో బ్యాటరీ దగ్గర ‘అన్‌రిస్ట్రిక్టెడ్’ ఎంచుకోండి. షావోమీ ఫోన్లలో ‘ఆటోస్టార్ట్’ కూడా ఆన్ చేయాలి. ఆండ్రాయిడ్ 14 ఫోన్లలో ‘అలారమ్స్ అండ్ రిమైండర్స్’ అనే అనుమతి వేరుగా ఉంటుంది, జాబితాలో మీ యాప్ ఉంటే దాన్నీ ఇవ్వండి. ఐఫోన్‌లో ఆలస్యంగా వస్తుంటే ‘షెడ్యూల్డ్ సమ్మరీ’లోంచి ఆ యాప్‌ను తీసేయండి. ఇవన్నీ చేసినా నమ్మకం కుదరకపోతే ఫోన్ గడియారంలోని మామూలు అలారమే పెట్టుకోండి. ఉదయం కాఫీకి ముందో, రాత్రి భోజనం అయ్యాకో, ఇంట్లో ఎలాగూ జరిగే పనికి ఆనించి పెడితే నిలుస్తుంది.

బైబిల్ తెరుస్తాను. పైన వాట్సాప్ మెసేజ్ కనిపిస్తుంది, అటు వెళ్తే అరగంట పోతుంది. (ఖమ్మం)

ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ కింద ‘యాప్ పిన్నింగ్’ ఉంటుంది. ఆన్ చేసి, రీసెంట్స్ తెరలో బైబిల్ యాప్ గుర్తు నొక్కి ‘పిన్’ ఎంచుకోండి. లాక్ పిన్ కొట్టేదాకా ఇంకో యాప్ తెరుచుకోకుండా పెట్టుకోవచ్చు. ఐఫోన్‌లో ‘గైడెడ్ యాక్సెస్’ ఇదే పని చేస్తుంది. ముందు సెట్టింగ్స్‌లో దాన్ని ఆన్ చేసి ఉంచితే, పక్క బటన్ మూడుసార్లు నొక్కగానే మొదలవుతుంది. దానితోపాటు డు నాట్ డిస్టర్బ్ పెట్టండి. అప్పటికీ చేయి ఆగకపోతే ఫోన్ పక్క గదిలో పెట్టి అచ్చు పుస్తకం తెరవండి. టెక్ శీర్షికలో ఈ మాట రాయడానికి నాకేమీ అభ్యంతరం లేదు. నిదానంగా చదవడానికి కాగితానికి మించినది ఇంకా రాలేదు.

రోజూ పొద్దున్నే వాట్సాప్‌లో వాక్యం బొమ్మ వస్తుంది. చదివి ఫార్వర్డ్ చేస్తాను. ఇది చాలదా? ఏదైనా అర్థం కాకపోతే ఏఐ చాట్‌బాట్‌ను అడుగుతున్నాను. (వరంగల్)

చాలదు. ఎందుకో ఒక్క వాక్యం తీసుకుని చూద్దాం. ఈ బొమ్మల్లో తరచుగా కనిపించేది యిర్మీయా 29:11. దేవుడు మీ గురించి తలచినవి సమాధానకరమైనవే, హానికరమైనవి కావు అన్న మాట. కొత్త ఉద్యోగానికీ, పరీక్షలకూ, పెళ్లికీ పంపుకుంటారు.

ఇప్పుడు యాప్‌లో ఆ అధ్యాయం మొత్తం తెరవండి. అది బబులోనుకు చెరగా వెళ్లినవారికి యెరూషలేము నుంచి యిర్మీయా పంపిన ఉత్తరం. 5వ వచనం అక్కడే ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి అంటుంది. 7వ వచనం మిమ్మల్ని చెరపట్టిన ఆ పట్టణం క్షేమం కోసమే ప్రార్థించమంటుంది. 10వ వచనంలో గడువు ఉంది. డెబ్బై సంవత్సరాలు. ఒక అధ్యాయం వెనక్కి వెళ్లండి. 28లో హనన్యా అనే ప్రవక్త రెండేళ్లలో అందరూ తిరిగొచ్చేస్తారని ప్రకటించాడు. జనం వినాలనుకున్నది అదే, అబద్ధమూ అదే. ఇదంతా చదివాక 11వ వచనం తేలిక మాటగా ఉండదు. ఉత్తరం అందుకున్న పెద్దవాళ్లలో చాలామంది తిరుగు ప్రయాణం చూడలేరు. అయినా వాళ్లతోనే నిరీక్షణ ఉంది అన్నాడు. కష్టకాలంలో మనిషిని నిలబెట్టేది ఈ మాట. బొమ్మలో ఆ బలం కనపడదు, ఎందుకంటే చుట్టూ ఉన్న వచనాలు కత్తిరించేశారు.

కాబట్టి బొమ్మ వస్తే పారేయకండి, దాన్ని తలుపుగా వాడుకోండి. కింద రాసిన అధ్యాయం, వచనం చూసి యాప్‌లో తెరిచి మొత్తం అధ్యాయం చదివాకే ఫార్వర్డ్ చేయండి. రెఫరెన్స్ లేని బొమ్మను పంపనే వద్దు.

చాట్‌బాట్ విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. అది వచనాన్ని జ్ఞాపకం మీద అల్లి చెబుతుంది. మాటలు రెండు మూడు అనువాదాలు కలిసి రావచ్చు, లేని రెఫరెన్స్ కూడా ఇవ్వొచ్చు. యూదా పత్రికలో ఉన్నది ఒక్కటే అధ్యాయం, 25 వచనాలు. ‘యూదా 2:4’ అని వచ్చిందంటే అక్కడితో ఆపేయండి. దాన్ని వచనం రాయమని అడగకుండా, ఏయే అధ్యాయాలు చూడాలో మాత్రమే అడగండి. చదవడం బైబిల్లోనే చదవండి. బెరయ పట్టణంలోని యూదులు పౌలు చెప్పినదాన్ని కూడా రోజూ లేఖనాలతో సరిచూసుకున్నారని అపొస్తలుల కార్యములు 17:11లో ఉంది. పౌలు మాటకే ఆ పరీక్ష ఉంటే చాట్‌బాట్‌కు ఎంత ఉండాలి!

‘దేవుడు లోకాన్ని ప్రేమించాడు’ అని వెతికితే ఏమీ రావడం లేదు. (రాజమహేంద్రవరం)

మీ యాప్‌లో ఉన్నది పాత అనువాదం, ఓవీ. అందులో ఆ వచనం ‘లోకమును ఎంతో ప్రేమించెను’ అని ఉంటుంది. సెర్చ్ అక్షరాలను పోలుస్తుంది, అర్థాన్ని కాదు. అందుకని వాక్యం మొత్తం కొట్టకుండా ‘లోకమును’ వంటి ఒక్క మాటతో వెతకండి. మాట చివర మారుతుందనుకుంటే ‘ప్రేమిం’ వరకే కొట్టి చూడండి. కొన్ని యాప్‌లు సగం మాటను ఒప్పుకోవు, అప్పుడు వాడుక భాషలోని అనువాదానికి మారి వెతికి, వచనం దొరికాక ఓవీకి తిరిగి రండి. వాట్సాప్‌లోంచి పేర్లు కాపీ చేసి వెతికితే మధ్యలో కనిపించని అక్షరం వచ్చి ఫలితం రాకపోవచ్చు, చేత్తో టైప్ చేయండి.

అమ్మకు చూపు తగ్గింది. స్మార్ట్‌ఫోన్ వాడలేదు. కీప్యాడ్ ఫోన్లో ఆడియో బైబిల్ ఎలా? (తెనాలి)

మెమరీ కార్డు 32 జీబీ లోపుది కొనండి. 64 జీబీ కార్డులు ఎక్స్‌ఫ్యాట్ అనే, ఫైళ్లు దాచే పద్ధతిలో వస్తాయి, చాలా కీప్యాడ్ ఫోన్లు వాటిని గుర్తుపట్టవు. కార్డును ఫ్యాట్32లో ఫార్మాట్ చేయండి. 64 కేబీపీఎస్ ఎంపీ3 గంటకు దాదాపు 29 ఎంబీ పడుతుంది, ఇరవై గంటలైనా 580 ఎంబీ దాటదు. చోటుకు లోటుండదు.

ఇబ్బంది వరుసతో వస్తుంది. ఫైళ్లకు 1, 2, 10 అని పేర్లుంటే ఫోన్ 1 తర్వాత 10 వినిపిస్తుంది. 01, 02 అని పెట్టండి. కీర్తనలు 150 కాబట్టి అక్కడ 001 నుంచి మొదలుపెట్టాలి. కొన్ని ఫోన్లు పేరు చూడకుండా కాపీ అయిన వరుసలోనే పాడతాయి, అందుకే ఫోల్డర్లను ఒక్కొక్కటిగా, పుస్తకాల క్రమంలో ఎక్కించండి. అధ్యాయాలన్నీ కలిపి ఒకే పెద్ద ఫైలు చేయొద్దు. ఫోన్ ఆపితే మళ్లీ మొదటికి వెళ్తుంది, పెద్దావిడ ఆగినచోటు వెతుక్కోలేరు. యాప్‌లలో డౌన్‌లోడ్ చేసిన ఆడియో యాప్ లోపలే ఉండిపోతుంది, కార్డుకు రాదు. ఎంపీ3 రూపంలో ఉన్న ఆడియో కోసం దగ్గర్లోని బైబిల్ సొసైటీ పుస్తక కేంద్రంలో అడిగి చూడండి.

మేం కువైట్‌లో, అబ్బాయి హైదరాబాద్‌లో. వారానికోసారి కలిసి చదవాలని ఉంది. జూమ్ మధ్యలో తెగిపోతోంది.

జూమ్ ఉచిత ఖాతాకు 40 నిమిషాలే. గూగుల్ మీట్‌లో ముగ్గురు, అంతకుమించి ఉంటే గంట వస్తుంది. కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక. మీకు శుక్రవారం సెలవైతే ఆ రోజు మీ సాయంత్రం 6 గంటలకు పెట్టుకోండి, అబ్బాయికి రాత్రి 8:30 అవుతుంది. అందరూ ఒకే అనువాదం తెరవాలి, లేకపోతే సగం సమయం ‘మాదాంట్లో వేరేలా ఉంది’ దగ్గరే పోతుంది. ఆన్‌లైన్‌లో కలిసి బయటికి చదవడం కుదరదు, గొంతులు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. ఒక్కొక్కరు ఐదు వచనాలు చదవండి, మిగతావారు మ్యూట్‌లో ఉండండి. అధ్యాయం ముందు వారమే చెప్పేస్తే, అందరూ చదివి వస్తారు కాబట్టి మాట్లాడుకోవడానికి సమయం మిగులుతుంది.

ఫోన్ మారిస్తే గుర్తులు, నోట్స్ అన్నీ పోయాయి. (కర్నూలు)

ఖాతా లేకుండా వాడితే అవి ఆ ఫోన్‌లోనే ఉంటాయి. పాత ఫోన్ ఇంకా ఉంటే అమ్మేముందు యూవెర్షన్‌లో లాగిన్ అయి, నెట్ ఆన్‌లో ఉంచి, హైలైట్లు ఇంకో పరికరంలో కనిపిస్తున్నాయో లేదో చూసుకోండి. అండ్‌బైబిల్‌లో ‘బ్యాకప్ అండ్ రిస్టోర్’ ద్వారా ఫైలు తీసి డ్రైవ్‌లో దాచండి. నెలకోసారి తీస్తే చాలు.

పాస్టర్‌గారు పంపిన స్టడీ నోట్స్ ఫోన్‌లో తెరిస్తే పిచ్చి గుర్తులు వస్తున్నాయి. (ఏలూరు)

అది బహుశా అను అనే పాత తెలుగు ఫాంట్లలో టైప్ చేసిన ఫైలు, ఫోన్లన్నీ చదవగలిగే యూనికోడ్ కాదు. పీడీఎఫ్ చేసి పంపమనండి. కాపీ చేసుకోవాలంటే అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్ వాడండి. మార్చాక వత్తులనూ, వచనాల అంకెలనూ అచ్చు బైబిల్‌తో ఒకసారి సరిచూడండి.